రెండు హాఫు బాకులు, ఒక ఫుల్లు బాకు

పూండి
1913 ఆగస్టు 3, ఆదివారం

నా బుగతా,

నీ ఉత్తరం చేరింది. ఈసారి ఎవరిచేతా చదివించుకోలేదు. మీ మగ్దలీన అత్త నాకు అక్షరాలు దిద్దబెడుతోంది కదా, కూడబలుక్కుంటూ నేనే చదువుకున్నాను, జవాబూ దిద్దుకుంటూ నేనే రాస్తున్నాను. "సువార్త సదూకోమని నేర్పితే ముందు కొడుకు ఉత్తరం సదివిందమ్మా మా వదిన," అని అత్త మూతి తిప్పింది. తిప్పనీ. మత్తయి ఎక్కడికీ పోడు. నీ ఉత్తరం ఎలక కొట్టేస్తే మళ్ళీ రాదు.

నువ్వు రాసిన మాటలే మళ్ళీ ఇక్కడ దింపుతున్నాను, తప్పు చదివానేమో చూడు. "అమ్మా, బళ్ళో నాకు కొత్త పని అప్పజెప్పారు. రెండు హాఫు బాకులు, ఒక ఫుల్లు బాకు నా చేతికింద పెట్టారు. క్వార్టరు బాకు పాసు చేసేటప్పుడు లైను దాటి మీదికొచ్చేవాళ్ళని ఆపాలి. గార్డులు గట్టివాళ్ళే." ఇంతే రాసి, కింద నీ ఆరోగ్యం జాగ్రత్త అన్నావు. బాకులు చేతికింద పెట్టుకున్నవాడు నా ఆరోగ్యం గురించి అడగడమేమిటిరా?

ఇంట్లో కత్తిపీట ముట్టుకుంటేనే వేలు కోసుకునేవాడివి. పిల్లలకి లెక్కలు చెప్పే పంతులివి. నీకు బాకులు దేనికి? అదీ సగం బాకులు రెండు, నిండు బాకు ఒకటి! అత్తనీ వెంటబెట్టుకుని స్టేషనుకి నడిచాను. టిక్కెట్లిచ్చే రామూర్తికి ఇంగ్లీషు వచ్చు కదా. ఉత్తరం ముక్కుకి ఆనించుకుని చదివి, పకపకా నవ్వాడు.

"ఏటుంది కరుణమ్మా ఇందల? లైను మాది, పాసు మాది, గార్డు మావోడే. క్వార్టరంటే మాకిచ్చిన కొంప. మీవోడు బడి ఒగ్గీసి రైల్లో సేరిపోనాడు."

"మరి బాకులేటి బాబూ?"

"దొంగలు లైను దాటొత్తారు గదేటి. ఉత్త సేతుల్తో ఆపుతాడేటి మీవోడు?"

అప్పుడు నాకు ముడి విడింది. నువ్వు రైలు గార్డువయ్యావు. నేను బెంగపడతానని తిన్నగా చెప్పకుండా బడి అని రాశావు. బెంగ ఎందుకురా, మంచి ఉద్యోగమే. ఈ ఉదయం ఆరాధనలో నిలబడి అందరికీ చెప్పేశాను. పాస్టరుగారు నీకోసం, నీ బండి కోసం, బండిలో ఎక్కినవాళ్ళందరి కోసం ప్రార్థన చేశారు. మన కాపు వీధివాళ్ళు కూడా వచ్చి అడిగి వెళ్ళారు.

మీ అన్న ఉంటే ఈపాటికి టెక్కలి దాకా వెళ్ళి చాటి వచ్చేవాడు. నీ పచ్చజెండా నీకివ్వకుండా తనే ఊపుకునేవాడు. ఎండలు రాకముందు పోయాడు, ఇప్పుడు వానలు పడుతున్నాయి. కాశీబుగ్గ సంతలో ఎద్దు నా మీదికి వస్తుంటే అడ్డంగా నిలబడి ప్రాణం ఇచ్చాడు. ఇంకా పెరటి తలుపు చప్పుడైతే రాజరత్నమేనని తల తిప్పుతాను. ఇంక నాకు నువ్వొక్కడివే. అందుకే అడుగుతున్నాను, ఆ క్వార్టరుకి పెరడు ఉందా? మేకని తోలుకురావచ్చా?

బాకులు మాత్రం తలగడ కింద పెట్టుకోకు. నిద్రలో నువ్వు తెగ దొర్లుతావు.

నీ అమ్మ
కరుణమ్మ


మిషను బోర్డింగు, గోదావరి జిల్లా
1913 ఆగస్టు 12

అమ్మా,

నేను రైల్లో చేరలేదు. మేకని కట్టేసి ఉంచు.

నీ ఉత్తరం లెక్కల తరగతిలో విప్పాను, అదే తప్పయింది. పంతులు బల్ల మీద తల ఆనించి కడుపు పట్టుకుంటే పిల్లలు నాకేదో నొప్పి వచ్చిందని పార్మలీ దొరగారిని పిలుచుకొచ్చారు. ఆయనకి చెప్తే ఆయనా కుర్చీ వెతుక్కున్నారు.

నేను సరిగా రాయలేదు, నీ తప్పేం లేదు. ఇదంతా ఒక ఆట. పార్మలీ దొరగారు అమెరికా నుంచి తెచ్చారు. బంతి గుండ్రంగా ఉండదు, కోలగా, రెండు వైపులా కొసదేరి, పీచు తియ్యని చిన్న కొబ్బరికాయలా ఉంటుంది. రెండు జట్లు ఎదురూబొదురూ వరసలో నిలబడతాయి. ఆ వరసే లైను. వరస మధ్యలో నిలబడేవాళ్ళు గార్డులు. బాకు అంటే కత్తి కాదమ్మా, ఇంగ్లీషులో వెనక అని. వరస వెనక నిలబడే ఆటగాళ్ళని అలా పిలుస్తారు. బంతిని దూరంగా ఉన్న తనవాడికి విసరటం పాసు. అది విసిరేవాడు క్వార్టరు బాకు.

విసిరేవాడు దూరంగా చూస్తూ ఉంటాడు, తన మీదికి ఎవరొస్తున్నారో చూసుకునే తీరిక వాడికి ఉండదు. మామూలుగా బంతి పట్టుకుని పరిగెత్తటం మా హాఫు బాకుల పని. కాని పాసు ఉన్నప్పుడు మాత్రం వాళ్ళు పరుగు మానుకుని, విసిరేవాడి ముందు నిలబడి, వచ్చేవాణ్ణి భుజంతో ఆపాలి. అది నేర్పటమే నాకు అప్పజెప్పిన పని.

పరిగెత్తేవాడికి నిలబడటం నేర్పటం తేలిక కాదు. ఏసుపాదం అని ఒకడున్నాడు, లంకల్లోంచి వచ్చినవాడు, కుందేలులా పోతాడు. మొన్న ముఖం మాడ్చుకుని, "పంతులుగారూ, నేను పరిగెడితే బడంతా కేకలేత్తాదండి. నిలబడితే నేను ఆడినట్టు మా అమ్మక్కూడా తెలవదండి," అన్నాడు. "ఎవరికీ తెలవకపోతేనే నీ పని కుదిరినట్టురా," అన్నాను. "అయితే ఆ పని మీరే చేసుకోండి," అని పారిపోయాడు. వాణ్ణి తిట్టలేకపోయాను, నవ్వొచ్చేసింది.

పాస్టరుగారికి నువ్వే చెప్పుకో. నాకు సిగ్గుగా ఉంది.

నీ బుగత
(క్వార్టరు లేనివాడు)


పూండి
1913 ఆగస్టు 20

ఒరే బుగతా,

నా పరువు నిలువునా తీశావు. రామూర్తిని నిలదీస్తే, "రైల్లో సేరకపోనా రైలు మాటలన్నీ మీవోడి ఆటలో దూరిపోనాయి, నాదేటి తప్పు?" అని నా మీదికే లేచాడు. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, లేచి సలాము కొట్టి "గార్డమ్మా, బండి వదలమంటావేటి?" అంటున్నాడు. పాస్టరుగారు మాత్రం పెద్ద మనసు చేసుకున్నారు. చేసిన ప్రార్థన వృథా పోదు, ఏ గార్డుకో ఒకడికి తగులుతుందిలే అన్నారు.

అంతవరకూ నవ్వుకున్నాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు ఆగిపోయింది.

వచ్చేవాణ్ణి ఆపాలి అని రాశావు. భుజంతో అని రాశావు. ముందు నిలబడాలి అని రాశావు. పేరు పెట్టే అడుగుతున్నాను, ఒరే కాలేబూ, ఇవన్నీ నాకు రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందిరా?

అన్న పోయిన ఆ రోజు నువ్వు ఇక్కడ లేవు. నేను సంతలో పీచు తాళ్ళు పరుచుకుని కూర్చున్నాను. ఇచ్ఛాపురం బేరగాడు ఒకడు వచ్చి, సగం ఒడియా సగం తెలుగు కలిపి నా ప్రాణం తీస్తున్నాడు. నేను వాడి వైపు తిరిగి తాడు లాగి చూపిస్తున్నాను, ఎంత గట్టిదో చూడమని. వెనక అరుపులు వినిపించాయి. సంతలో అరుపులు మామూలే కదా, తిరగలేదు. తిరిగేసరికి దుమ్ము. ఎద్దుని అప్పటికే పట్టేశారు. నాకు ఒక గీత కూడా పడలేదు. నా మీద పడాల్సినదంతా మీ అన్న మీద పడింది.

ఇప్పుడు నువ్వు ఎవరి పిల్లల్నో తెచ్చి, ఎవడి కోసమో, ఒక బంతి కోసం, అలాగే నిలబెడతానంటున్నావు. నేర్పాలంటే ముందు నువ్వు నిలబడి చూపించాలి కదా. ఆ ఏసుపాదం పారిపోయాడంటే మంచిపని చేశాడు. వాడికి తల్లి పాలు పడ్డాయి. నీకు ఏమైంది?

క్రైస్తవులు ఒట్లు పెట్టకూడదని అత్త అంటుంది. నేను పెడుతున్నాను. నా మీద ఒట్టు. ఆ మైదానంలోకి నువ్వు దిగొద్దు, ఆ పిల్లల్ని ఎవరికీ అడ్డంగా నిలబెట్టొద్దు. మీ పరిమళం దొర కోప్పడితే మా అమ్మ పిచ్చిది అని చెప్పు. ఏమైనా చెప్పు.

ఇంకో కొడుకుని అలా పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

అమ్మ


మిషను బోర్డింగు
1913 ఆగస్టు 29

అమ్మకి,

నీ మాట ప్రకారమే చేశాను. పార్మలీ దొరగారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీ అమ్మగారి మాట వినాలి," అన్నారు.

సాయంత్రాలు ఖాళీగా ఉంటున్నాయి. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నేను క్షేమం.

కాలేబు


పూండి
1913 సెప్టెంబరు 14, ఆదివారం

నా నాయనా, నా బుగతా,

బతికించావు. నీ ఉత్తరం కళ్ళకద్దుకున్నాను. ఆరోజు నుంచి సరిగా నిద్ర పడుతోంది.

ఇక్కడి కబుర్లు చాలా ఉన్నాయి. మన మేక మీ అత్త పాటల పుస్తకం కవరు తినేసింది. "అన్యుల మేక కూడా ఇంత పని సెయ్యదు వదినా," అని అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనకే తోచక వచ్చి, పిల్లనిచ్చేవాళ్ళు ఎవరో అడిగారని కబురు చెప్పింది. గార్డు ఉద్యోగం అనుకుని అడిగారట. కాదని తెలిశాక మళ్ళీ కనబడలేదు. పోనీలే, రైలుకి పిల్లనిస్తామన్నారు గాని నీకు కాదు కదా.

సన్యాసి మావ కొత్త బండి ఇరుసు వేయించాడు. వాడిని ఈ క్రిస్మసుకైనా బాప్తిస్మం తీసుకోరా తమ్ముడూ అంటే, "నీళ్ళు సల్లగుంటాయప్పా, ఎండాకాలం సూద్దాం," అంటున్నాడు. ఎండాకాలం అడిగితే పనులున్నాయంటాడు.

టెక్కలి నుంచి మీ మిషనుకి పుస్తకాలు తెచ్చే మనిషి చేత తాటి తాండ్ర, ఎండు నెత్తళ్ళు పంపుతున్నాను. తాండ్ర పైన, నెత్తళ్ళు కింద పెట్టమన్నాను. వాడు తలకిందులు చేస్తే తాండ్ర చేపల వాసన వేస్తుంది, నన్ను తిట్టుకోకు.

ఒక మాట అడగనా? మొన్నటి ఉత్తరం కింద ఉత్త కాలేబు అని రాశావు. బళ్ళో హాజరు పిలిస్తే పలికినట్టు ఉంది. పైన అమ్మకి అని పెట్టావు, అమ్మా అని కాదు. అత్తకి చూపిస్తే "పెద్ద పంతులైపోనాడు, అలగే రాత్తారు," అంది. నాకు మాత్రం నువ్వు తలుపు వేసుకుని లోపల కూర్చున్నట్టు అనిపించింది. చిన్నప్పుడు అన్న మీద అలిగితే పీచు కొట్టంలో దూరి అలాగే కూర్చునేవాడివి, పిలిస్తే ఊఁ అనేవాడివి గాని బయటికి వచ్చేవాడివి కాదు.

నా మీద కోపమా? కోపమైతే కోపమని రాయి. నేను చదవగలను ఇప్పుడు.

అమ్మ


మిషను బోర్డింగు
1913 అక్టోబరు 9

అమ్మా,

కోపం కాదు. నీకు చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా దాచాను. ఇప్పుడు చెప్పక తప్పటం లేదు.

ఏసుపాదానికి భుజం ముందరి ఎముక విరిగింది. కంగారు పడకు, ప్రాణానికి ఏమీ లేదు. డాక్టరు దొరసాని కట్టు కట్టారు, కుదురుకుంటుందన్నారు. నువ్వు పంపిన తాండ్ర సగం వాడే తినేశాడు.

నేను మానేశాక దొరగారు జట్టంతా ఒక్కరే చూసుకోవలసి వచ్చింది. హాఫు బాకుల సంగతి చూసేవాడు లేడు. నేను నీ ఒట్టు మీరలేదు, మైదానంలో కాలు పెట్టలేదు. గట్టు మీద నిలబడి చూస్తున్నాను, అంతే. పై తరగతుల జట్టుతో ఆట. మా క్వార్టరు బాకు బంతి ఎత్తి ఎవరికి విసరాలా అని దూరంగా చూస్తున్నాడు. అవతలివాడొకడు వరస చీల్చుకుని మీదికి దూకాడు. ఏసుపాదాన్ని నిలబడమని ఎవరూ చెప్పలేదమ్మా. నేనైతే చెప్పనే లేదు, చెప్పటం మానేశాను కదా. వాడంతట వాడే, పరుగు ఆపి, ఎదురు వెళ్ళి నిలబడ్డాడు. రొమ్ము విరుచుకుని, కాళ్ళు రెండూ దగ్గర పెట్టి, చేతులు బార చాపి.

ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది.

అన్న కూడా అలాగే నిలబడ్డాడట. అన్నని మట్టి చేసిన మర్నాడు, సంతలో చూసినవాడు కదా అని, సన్యాసి మావని పెరట్లోకి తీసుకెళ్ళి అడిగాను. మావ చూపించాడు. రొమ్ము విరుచుకుని, కాళ్ళు దగ్గర పెట్టి, చేతులు బార చాపి. తన వెనక నువ్వు ఉన్నావు కదా, గోడలా కనబడాలనుకున్నాడు కాబోలు. మావ అలా నిలబడి చూపించిన బొమ్మ నా కళ్ళలోంచి పోలేదు.

తర్వాత బడి తెరిచాక దొరగారు గోనెలో గడ్డి కుక్కి, దాన్ని తాడుతో మా మీదికి ఊపి, ఎలా నిలబడాలో చూపించారు. అక్కడ ఉన్నవాళ్ళందరికీ అది ఆట. నాకు ఆట కాదు. అందుకే హాఫు బాకులని నాకు ఇమ్మని నేనే అడిగాను. అప్పజెప్పారని నీకు రాశాను గాని నేను అడిగి తీసుకున్న పని అది.

నేను వాళ్ళకి నేర్పేది ఇదమ్మా. కాళ్ళు ఎడంగా పెట్టు. మోకాళ్ళు వంచు, వచ్చేవాడికంటే కిందికి దిగు. వాడి కళ్ళలోకి చూడకు, కళ్ళు మోసం చేస్తాయి, రొమ్ము చూడు. ఎదురు పరిగెత్తకు, వాణ్ణి నీ దగ్గరికి రానీ. తల వంచకు, తలతో ఢీకొట్టకు, తల పక్కకి పెట్టి భుజం ఇవ్వు. తగిలాక గోడలా బిగుసుకోకు, చిన్న చిన్న అడుగులు వేస్తూనే ఉండు. వాణ్ణి పడగొట్టటం నీ పని కాదు, నీ వెనకవాడికి తగలకుండా పక్కకి పంపటం నీ పని. ఇద్దరు వస్తే నీ వెనకవాడికి దగ్గర్లో ఉన్నవాణ్ణి ముందు చూడు.

ఏసుపాదం ఇందులో సగం నేర్చుకున్నాడు. మిగతా సగం నేర్పేలోగా నేను వెళ్ళిపోయాను.

నిలబడొద్దని చెప్తే వీళ్ళు మానతారనుకున్నావు. నేనూ అనుకున్నాను. మానరమ్మా. తనవాడి మీదికి ఎవడైనా వస్తుంటే వీళ్ళు నిలబడతారు. నేర్పితే నేర్పినట్టు, నేర్పకపోతే అన్న నిలబడ్డట్టు.

నన్ను మళ్ళీ మైదానంలోకి పోనియ్యి. నువ్వు వద్దంటే మళ్ళీ అడగను. కాని ఒక్కసారి అడగకుండా ఉండలేను.

నీ బుగత


పూండి
1913 అక్టోబరు 26, ఆదివారం

నా బుగతా,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివి దాచేశాను. మళ్ళీ తీసి చదివాను. అన్న నిలబడిన చోటు వచ్చేసరికి అక్షరాలు అలికినట్టయిపోయేవి. మగ్దలీన అత్త చదువుతానంటే ఇవ్వలేదు.

నాకు వాడు ఎలా నిలబడ్డాడో తెలీదు కదా బాబూ. అందరూ చూశారు, నేను ఒక్కదాన్నే చూడలేదు. ఎవరినీ అడగలేదు కూడా. నువ్వు మావని అడిగావన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. అందుకని మొన్న మావ పీచు వేసుకెళ్ళడానికి వస్తే, "సన్యాసీ, కాలేబుకి సూపించినావట, నాకూ సూపించు," అన్నాను.

"ఏటప్పా, ఇప్పుడెందుకు?"

"సూపించమన్నాను."

చూపించాడు. పీచు కుప్ప ముందు నిలబడ్డాడు, చేతులు చాపి. నేను చాలాసేపు చూశాను. వాడు చేతులు దించబోతే దించొద్దన్నాను. అప్పుడు నాకేం పుట్టిందో, నడుముకి కొంగు చుట్టుకుని, వాడి మీదికి పరిగెత్తి రెండు చేతుల్తో తోశాను. నిలువునా వెనక్కి పడ్డాడు! పీచు కుప్పలో కాళ్ళు పైకి!

"ఓలమ్మో, మా వదినకి పిచ్చి లెగిసింది!" అని అత్త చెంబు పారేసి వచ్చింది.

"లెగు," అన్నాను మావతో. "ఇప్పుడు నా కొడుకు రాసినట్టు నిలబడు." నీ ఉత్తరం బొడ్లోంచి తీసి, కూడబలుక్కుంటూ ఒక్కో మాటా చదివాను. కాళ్ళు ఎడం పెట్టించాను. మోకాళ్ళు వంచమంటే, "మోకాళ్ళు వంచితే మళ్ళీ నువ్వు లెగదీత్తావేటప్పా?" అన్నాడు. తల పక్కకి పెట్టించాను. కళ్ళు కాదు, రొమ్ము చూడు అంటే సిగ్గుపడి మూతి అటు తిప్పుకున్నాడు. అత్త నవ్వు ఆపుకోలేక పందిరి గుంజ పట్టుకుంది.

మళ్ళీ పరిగెత్తాను. "మెల్లగా రా అప్పా, నువ్వేటి ఎద్దువా!" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. నేను ఆగలేదు. వెళ్ళి ఆ భుజానికి కొట్టుకుని, పక్కకి దొర్లి, మేక మీద పడ్డాను. వాడు ఉన్నచోటే ఉన్నాడు. కొంచెం కదిలాడు, చిన్న చిన్న అడుగులు వేశాడు, అంతే.

కింద కూర్చుని నవ్వాను బాబూ. మీ అన్న పోయాక అలా నవ్వలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి జారిపోయాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. "మోకాలు వంచితే ఎద్దు ఆగేదంటావా సన్యాసీ?" అని అడిగాను. మావ అబద్ధం చెప్పలేదు. "ఆగదప్పా. ఎద్దు ఎద్దే. గానీ పక్కకి పడిపోయేవోడేమో. దెబ్బ పక్కటెముకల మీదికి పోయేదేమో. ఏమో." మన రాజరత్నానికి నేర్పినవాడు లేడు. నేర్పేవాడు ఉండి ఉంటే ఏమయ్యేదో దేవుడికి తెలియాలి, నాకు తెలీదు.

కాని నువ్వు రాసిన మాట నిజం. వాణ్ణి నిలబడొద్దని నేను చెప్పి ఉన్నా నిలబడేవాడు. వాడి వెనక నేనుంటే ఆగుతాడా? ఆ లంకల పిల్లాడు మాత్రం ఎవరు చెప్తే నిలబడ్డాడు?

అందుకని నా ఒట్టు నేను వెనక్కి తీసుకుంటున్నాను. పెట్టినదాన్ని నేనే కాబట్టి తీసే హక్కూ నాదే. ఒట్టు పెట్టినందుకు పాస్టరుగారి దగ్గర ఎలాగూ చీవాట్లు తిన్నాను, తీసినందుకు ఇంకో నాలుగు తింటాను. నువ్వు మైదానంలోకి వెళ్ళు. ఆ పిల్లలకి మిగతా సగం నేర్పు. గట్టు మీద నిలబడకు. ఏసుపాదం ఎముక కూడాక, వాడు భయపడకుండా ముందు గడ్డి గోనెతో మొదలుపెట్టు. వాడి తల్లికి ఎవరైనా ఉత్తరం రాశారా? దొర ఇంగ్లీషులో రాస్తే ఆమె ఏ స్టేషనుకి పట్టుకెళ్తుందో. నువ్వే తెలుగులో రాయి. బాకులూ గార్డులూ పెట్టకు. నీ కొడుకు ఇంకొకడికి దెబ్బ తగలకుండా నిలబడ్డాడమ్మా అని రాయి. బడిలో ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా ఆమెకి తెలియాలి.

ఇంకొక్కటి. ఆ విసిరే పిల్లాడి పేరు నువ్వు ఒక్కసారీ రాయలేదు. వాడికి నా మాటగా చెప్పు. బంతి ఎక్కడ పడిందో చూడటానికి బడంతా ఉంది. విసిరేశాక వాడు మాత్రం దాని వంక చూడొద్దు. తిరిగి, తన ముందు నిలబడ్డవాడి ముఖం చూడాలి. చూసి పేరు పెట్టి పిలవాలి. ఎందుకని అడిగితే, మా పంతులుగారి అమ్మ చెప్పిందను. నేను ఆ బేరగాడి వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ పిల్లాడికి ఆ అలవాటు చిన్నప్పుడే పడితే మంచిది.

మావకి నడుం పట్టేసింది, అత్త నూనె కాచి ఇచ్చింది. నాకు మోచేతి మీద తోలు లేచింది, అంతే. మేక క్షేమం.

ఇప్పుడు రోజూ ఆ పిల్లలకి ఎదురు నిలబడతావు, ఒంట్లో సత్తువ కావాలి. పంపినదంతా పిల్లలకే పెట్టేశావని నాకు తెలుసు. ఈసారి వాళ్ళకి వేరే మూట కట్టాను, నీది నీకు వేరే.

నీ అమ్మ
కరుణమ్మ

వేళకి అన్నం తిను బాబూ. కడుపునిండా తిను.